గోడకు ఎదురుగా వేసిన ఆకు

2016లో జరిగిన సంగతి ఇది. పావగడ తాలూకాలో నేను విలేజ్ అకౌంటెంటుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం పేరు చూసి అంకెలతో పని అనుకుంటారు గానీ, ఊరి రెవెన్యూ రికార్డులు చూసుకునే ఈ ఉద్యోగంలో పనంతా మనుషులతోనే. వల్లూరు నా కింద ఉన్న ఊళ్లలో ఒకటి. వేరుశనగ, మా మాటలో చెనక్కాయ, వేసే మెట్టభూములన్నీ అప్పుడు సోలార్ పార్కుకు లీజుకు పోతున్నాయి. లీజు పత్రం మీద ఆ భూమికి హక్కున్న ప్రతి మనిషీ సంతకం పెట్టాలి. హక్కున్నవాళ్లు ఎవరెవరో తేల్చే కాగితాన్ని వంశవృక్షం అంటారు. ఆఫీసులో మా నోటికి అలవాటైన పేరు జి-ట్రీ. పైన తాత, కింద కొడుకులూ కూతుళ్లూ, వాళ్ల కింద వాళ్ల పిల్లలు. పోయినవాళ్ల పక్కన పోయినట్టు రాయాలి. వానలు లేని తాలూకాలో ఇన్ని చెట్లు నేనొక్కదాన్నే పెంచుతున్నానని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ముందు ఇంటి పెద్ద అఫిడవిట్ ఇస్తాడు, అంటే మా ఇంట్లో ఉన్నవాళ్లూ పోయినవాళ్లూ వీళ్లే అని ప్రమాణం చేసిన కాగితం. తరువాత నేను ఆ ఊరికి పోయి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి విచారించి, వాళ్లు చెప్పింది రాసి ఐదుగురి చేత సంతకాలు పెట్టిస్తాను. దాని పేరు మహజరు. మహజరు చివర ఎప్పుడూ ఒకే వాక్యం ఉంటుంది: "పైన చెప్పినవారు తప్ప ఈ కుటుంబానికి వేరే వారసులు ఎవరూ లేరు." ఆ ఏడు ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో. చెయ్యి దాని పాటికి అది రాసుకుంటూ పోయేది, నేను ఇంటికి పోయి ఏం వండాలా అని ఆలోచించుకునేదాన్ని.

జనం అబద్ధాలు చెబుతారని కాదు. మగవాళ్లను అడిగితే పొలం గట్టు మీది రాయి ఎన్ని అడుగులు జరిగిందో చెబుతారు గానీ, అత్తారింట్లో పోయిన మేనత్త పేరు చెప్పలేరు. పుట్టి పోయిన పిల్లలు, మొదటి భార్యలు, ఇల్లు వదిలి పోయినవాళ్లు కాగితాల్లోకి రారు. నేను కొత్తగా చేరినప్పుడు, రిటైరు కాబోతున్న ఒక పెద్దాయన నాకో కిటుకు చెప్పాడు. "పెద్దల పండగ నాడు ఇండ్లకు పోమ్మా. ఎన్ని ఆకులు వేసినారో చూడు. కాగితంలో ఎగ్గొట్టినోళ్లను గూడా ఆ పొద్దు ఆకేసి పిలుస్తారు" అన్నాడు.

భాద్రపద అమావాస్య నాడు మా వైపు ఇళ్లలో చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కో ఆకు వేసి, కొత్త బట్టలు పెట్టి, వాళ్లు బతికుండగా ఇష్టపడి తిన్నవన్నీ వడ్డిస్తారు. పేరు పెట్టి పిలిచి, దండం పెట్టుకుని, ఆ తరువాతే ఇంట్లోవాళ్లు తింటారు. ఆ ఏడు పండగ రోజు నేను జి-ట్రీ అర్జీ పెట్టుకున్న నాలుగైదు ఇళ్లకు పోయాను. ఎవరూ తప్పు పట్టలేదు. పండగ పూట వచ్చిన మనిషిని తినకుండా పంపరు కాబట్టి, మూడో ఇంటికే నా పొట్ట నిండిపోయింది.

నాలుగో ఇల్లు నరసింహప్పది. అరవై దాటిన మనిషి, నెమ్మదైనవాడు. భార్య ఓబుళమ్మ. పిల్లలు బెంగళూరులో పనులు చేసుకుంటున్నారు. మట్టి గోడల పాత మిద్దె. వీధి పక్క పడసాల, మధ్యలో నడిల్లు, లోపల వంటిల్లు, అన్నిటికంటే వెనక ధాన్యం గది. ఆయన ఇచ్చిన అఫిడవిట్‌లో పోయినవాళ్లు ఐదుగురు: తాత హనుమంతప్ప, అవ్వ అక్కమ్మ, వాళ్ల ఒక్కగానొక్క కొడుకూ నరసింహప్ప తండ్రీ అయిన తిమ్మప్ప, ఆయన భార్య ఈరక్క, చిన్నతనంలో పోయిన నరసింహప్ప తమ్ముడు.

నడింట్లో ఐదు ఆకులు వరసగా ఉన్నాయి. నా కాగితంతో సరిపోయింది. అక్కమ్మ ఆకు పక్కన ఒక కంచు గిన్నెలో పాయసం పెట్టారు. గిన్నె బాగుందని నేనంటే ఓబుళమ్మ చెప్పింది. "ఇది ఆ అవ్వ పుట్నింట్లోనుంచి తెచ్చుకునిందంట. జత గిన్నెలు. రెండోది యాడ పోయిందో ఎవురికీ తెలీదు." చెబుతూనే ఆమె ఆరో ఆకు తీసుకుంది. అన్నీ వడ్డించి, దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని ధాన్యం గదిలోకి పోయింది.

నేను వెనకే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కిటికీ లేని గది. ఓబుళమ్మ వెనక గోడ దగ్గర వంగి, ఆకును గోడ మొదట్లో పెట్టింది. ఆకు గది వైపు తిరిగి లేదు. గోడకు ఎదురుగా, గోడే కూర్చుని తినబోతున్నట్టు ఉంది. ఆమె పేరేమీ పిలవలేదు. లేచి, తల పక్కకు తిప్పుకుని, మళ్లీ ఆ వైపు చూడకుండా బయటికి వచ్చేసింది.

"అది ఎవరికక్కా?" అన్నాను.

"తెలీదమ్మా. మా అత్త పెడతా ఉన్నింది. ఆమెకు వాళ్లత్త చెప్పిందంట. పెట్టి, తిరిగి చూడకుండా రావల్ల. నేనొచ్చి నలభై ఏండ్లయింది, పెడతానే ఉండా."

నడింట్లో నాకూ ఒక ఆకు వేశారు. నేను చెయ్యి పెట్టబోతుంటే నరసింహప్ప ఆపాడు. "రొంత ఉండమ్మా. ఇంకా కొట్టలేదు."

"ఏంది కొట్టేది?"

ఇద్దరూ అన్నం ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. బయట ఎండ మండిపోతోంది. ఈగ ఒకటి పాయసం మీద తిరుగుతుంటే ఓబుళమ్మ దాన్ని కూడా తోలలేదు. ఎంతసేపని నేను చేతి గడియారం చూసుకున్నాను. రెండూ పది. అప్పుడు వినపడింది. ధాన్యం గది లోపలి నుంచి, గోడలోంచి, వేళ్ల కణుపులతో కొట్టినట్టు మూడు దెబ్బలు. ఒకదానికీ ఒకదానికీ మధ్య సమానమైన ఎడం.

"ఈ తూరి ఆలీశమైంది" అని నరసింహప్ప ముద్ద కలుపుకున్నాడు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. సంతకాలనూ వేలిముద్రలనూ నమ్ముతాను. తినడం వదిలేసి లేచి, వీధిలోంచి ఇంటి వెనక్కి పోయాను. వెనక ఒకప్పటి చెనక్కాయ చేను. సోలార్ కోసం చదును చేసి వదిలారు. కనుచూపు మేర ఎర్రమట్టి తప్ప ఒక పొద కూడా లేదు. ఇనుప స్తంభాలు దించే మెషిను దూరంగా నిలబడి ఉంది, పండగ కాబట్టి దాని దగ్గర మనిషి లేడు. గోడ వెంబడి మెత్తటి దుమ్ము మీద కోడి కాళ్ల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. గోడ మీద మాత్రం, కూర్చున్న మనిషికి చెయ్యి అందే ఎత్తులో, పిడికిలంత గుంట ఒకటి కనపడింది. చుట్టూ కొత్తగా మెత్తిన మట్టి రాలి కింద పడి ఉంది.

"ఏటా పండగకు ముందర అలికేటప్పుడు మెత్తుతా. పండగ లోపల రాలిపోతాది" అంది నా వెనకే వచ్చిన ఓబుళమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో భయం లేదు. ఎలుకలు కావచ్చు, ఎండకు దూలాలు విచ్చిన చప్పుడు కావచ్చు అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

నాలుగు రోజులకు మహజరు జరిగింది. నరసింహప్ప పడసాలలోనే చాప వేసి కూర్చున్నాం. పొరుగింటి కరియప్ప, ఎనభై దాటిన మనిషి, ఇంకో నలుగురు సాక్షులు. "ఈ ఇంటికి ఇంకెవరన్నా వారసులు ఉండారా?" అని అడిగాను. లేరన్నారు. కరియప్ప నేల వైపు చూస్తూ అన్నాడు, అది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆరో ఆకు సంగతి ఎత్తితే నరసింహప్ప నవ్వేశాడు. "పేరు లేనిదాన్ని యాడ రాస్తావమ్మా?" నిజమే కదా అనిపించింది. అలవాటైన వాక్యం రాసి, సంతకాలు పెట్టించి వచ్చేశాను. ఎందుకో ఆ సాయంత్రం నా రాత మీద నాకే కోపం వచ్చింది.

మహజరు అయ్యాక పంచాయతీ బోర్డు మీద నోటీసు అతికిస్తాం. ఎవరికన్నా తకరారు, అంటే అభ్యంతరం ఉంటే గడువు లోపల వచ్చి చెప్పుకోవాలి. గడువు తీరితే జి-ట్రీ ఖాయం. తరువాత దాన్ని మార్చడం కోర్టు పని. ఆ గడువు చివరి రోజు పొద్దున, నేను ఆఫీసు తలుపు తీసేసరికి ఒక ముసలామె మెట్ల మీద కూర్చుని ఉంది. పేరు రత్నమ్మ అనీ, మడకశిర పక్క ఒక పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాననీ చెప్పింది. డెబ్బైకి దగ్గర వయసు. చేతిలో సంచి కూడా లేదు.

"వల్లూరు హనుమంతప్ప ఇంటి చెట్టు రాస్తా ఉండారంట గదమ్మా. మా ఊరి గొర్రెలాయన చెప్పినాడు. దాంట్లో మా నాయన పేరు రాయల్ల."

"మీ నాయన ఎవురవ్వా?"

"గంగప్ప. హనుమంతప్ప కొడుకు."

సోలార్ వచ్చాక ఇలాంటి చుట్టాలు వారానికొకరు వచ్చేవాళ్లు. నేను కుర్చీ చూపించి, కాగితాలేమన్నా ఉన్నాయా అని అడిగాను. లేవంది. ఏముందో చెప్పమన్నాను. అప్పుడు ఆమె చెప్పింది, ఉన్నది ఉన్నట్టు, ఏడవకుండా.

"మా జేజి పేరు నాగక్క. చెనక్కాయలు వొలిచే కూలికి ఆ ఇంటికి పోతా ఉన్నింది. ఆ ఇంటాయనకూ మా జేజికీ పుట్టినోడు మా నాయన. ఊరందరికీ తెలుసు, ఎవురూ నోరు తెరవలేదు. ఇంటి ఎనక పక్క ఒగ తలుపు ఉన్నింది. మా జేజి సంకలో బిడ్డను పెట్టుకుని ఆడికి పోయి, కూచుని, మూడు తూర్లు కొడితే ఆ ఇంటామె తలుపు తీసి గడప మీద గిన్నెలో బువ్వ పెట్టేదంట. ఒగ మాట మాట్లాడేది కాదు. పెట్టి, తలకాయ తిప్పుకుని పొయ్యేదంట. ఒగ దినం పోతే తలుపు లేదు. గోడ ఉండాది. మట్టి ఇంకా ఆరలేదు. మా జేజి ఆ పచ్చి గోడ మిందనే కొట్టింది. మూడు దినాలు ఆడనే కూచునింది. ఎవురూ పలకలేదు. నాలుగో దినం బిడ్డనెత్తుకుని మైసూరు సీమ దాటి మా పక్కకొచ్చేసింది."

నా కలం ఆగిపోయింది. తలుపు, గిన్నె, తల తిప్పుకుని పోవడం. నేను ఈమెకు ఏమీ చెప్పలేదు. విచారణలో మనం ముందుగా ఏదీ చెప్పకూడదన్నది నేను తప్పని నియమం. ఇంకేమన్నా ఉందా అని మాత్రం అడిగాను.

"ఇంకేముండాదమ్మా. మా నాయన పెద్దల పండగ నాడు ఆకు ముందర కూచుని, మా ఇంటి గోడ మింద మూడు తూర్లు కొట్టి, ఆమీట తినేవాడు. ఎందుకు నాయనా అంటే, మేము ఉండామని ఆడ తెలియల్ల అనేవాడు. ఆయప్ప పొయినాంక నేను కొడతా ఉండా."

"ఈ ఏడు కొట్టినావా?"

"కొట్టకుండా ఎట్లుంటా. ఈ తూరి ఆలీశమైంది. కోడలికి జరమొచ్చి వంట నేనే చేసుకున్నా. రెండు దాటిపోయింది."

నేను లేచి నీళ్లు తాగాను. వల్లూరికీ ఆమె ఊరికీ మధ్య ఎన్ని పల్లెలు, ఎన్ని మిట్టలు ఉన్నాయో నాకు తెలుసు. నా టేబుల్ మీద ఉన్న ఏ రిజిస్టరులోనూ ఈ సంగతి రాసే గడి లేదు.

"నీకేం కావల్ల అవ్వా? భూమిలో పాలా?"

"భూమి ఏం చేసుకునేది? మా నాయన బడికి పోతే తండ్రి పేరు తావులో గీత గీసినారు. పెండ్లి పత్రికలో ఆ తావు వొదిలేసినారు. సచ్చేముందర నన్ను పిలిచి, యాడన్నా ఒగ కాగితంలో నా పేరు ఆయప్ప పేరు కింద రాపియ్యి రత్నమ్మా అన్నాడు. ఇరవై ఏండ్లాయ. ఈ చెట్టు గాకపోతే ఇంక ఏ కాగితమొస్తాది నాకు?"

తకరారు అర్జీ నేనే రాసి వేలిముద్ర వేయించుకున్నాను. మరుసటి రోజు ఆమెతో వల్లూరులో బస్సు దిగి, "ఇల్లు నువ్వే చూపించవ్వా" అన్నాను. ఆ ఊళ్లో ఆమె ఎప్పుడూ కాలు పెట్టలేదు. అయినా ఎవరినీ అడగలేదు. వీధిలోకి కూడా రాకుండా ఊరి వెనక్కి తిరిగి, చదును చేసిన చేలో నడుస్తూ ఒక్కొక్క ఇంటి గోడనూ చేత్తో తడుముకుంటూ పోయింది. నరసింహప్ప గోడ దగ్గర ఆగి, నేల మీద కూలబడింది. కుడి చెయ్యి ఎత్తి కణుపులు ఆ గుంటలో పెట్టింది. అవి అందులో సరిపోయాయి.

"ఈడనే తలుపు" అంది.

మా మాటలు విని నరసింహప్ప వెనక్కి వచ్చాడు. నెమ్మదైన మనిషికి అంత కోపం రావడం నేను చూడలేదు. "ఈడ ఎప్పుడూ తలుపు లేదు. నేను పుట్టిన ఇల్లమ్మా ఇది. సోలారొచ్చినాంక ఎంతమంది చుట్టాలు పుట్టుకొస్తా ఉండారు. నువ్వు గూడా ఇట్లాటోళ్లను ఎంటేసుకొస్తివా?"

నేను నోరు తెరిచేలోపల రత్నమ్మ గోడ మీద మూడు సార్లు కొట్టింది. లోపల ఏదో పాత్ర కింద పడిన చప్పుడైంది. కాసేపటికి ఓబుళమ్మ కొంగు పట్టుకుని వచ్చింది. "ధాన్యం గదిలో ఉండా. ఆ సద్దే. నలభై ఏండ్లుగా ఇంటా ఉండానే, అదే సద్దు" అని మొగుడి వైపు చూసింది. "గడ్డపార తీసుకురాప్పా."

నరసింహప్ప కదల్లేదు. ఓబుళమ్మే పోయి గడ్డపార తెచ్చింది. పొరుగింటి కరియప్ప కూడా కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. రెండు పోట్లకే పైన మట్టి పెళ్లగా ఊడి వచ్చింది. దాని వెనక మిగతా గోడతో కలవని పచ్చి ఇటుకల వరస కనపడింది. పక్కల రెండు రాతి నిలువులు, పైన రాతి దూలం. తలుపు ఉండే చోటు. అప్పుడు నరసింహప్ప ఏమీ అనకుండా భార్య చేతిలోని గడ్డపార తీసుకుని, ఒక్కొక్క ఇటుకే తనే తీశాడు. అడుగు వరస తీసేసరికి గడప బయటపడింది. గడప మీద ఒక కంచు గిన్నె ఉంది. బోర్లించి కాదు, నిలబెట్టి. లోపల నల్లగా ఏదో ఎండి అంటుకుని ఉంది. గోడ కట్టినవాడు దాన్ని తీయలేదు. వడ్డించినదాన్ని వడ్డించినట్టే ఉంచి కట్టేశాడు.

ఓబుళమ్మ లోపలికి పోయి, పండగ నాడు పాయసం పెట్టిన గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. అంచు మీద అదే గీత, అడుగున అదే గుండ్రం. ఆ ఇంటి ఇల్లాలు అక్కమ్మ, తన మొగుడు మరొక ఆడదానితో కన్న బిడ్డ కోసం తన పుట్టింటి గిన్నెలో అన్నం పెట్టింది. తలుపు మూసేశాక, గోడకే పెట్టింది. తన కోడలికి పేరు చెప్పే ధైర్యం లేక పద్ధతి మాత్రం చెప్పి పోయింది. నాకు ఆమె మీద గౌరవమూ, ఆమె బతికిన బతుకు మీద దుఃఖమూ ఒకేసారి కలిగాయి.

"మా నాయన నాకు చెప్పినాడు" అన్నాడు కరియప్ప. "ఆ గోడ కట్టిన దినం ఆయప్ప చూసినాడు."

"మరి నేను అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఈ ఇంటి పడసాలలో కూచోబెట్టి, ఈ ఇంటాయన మొగం ముందర అడిగితివమ్మా. ఆయన పెట్టిన కాఫీ తాగి ఎట్ల చెప్పేది?"

తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న తప్పు అదీ. ఒక ఇంటి గుట్టు ఆ ఇంటి చాప మీదే కూర్చుని అడగడం. ఎవరూ లేరని చెప్పిన ఎంతమంది సాక్షుల మొహమాటం మీద నేను ఎన్ని చెట్లు గీశానో అనుకుంటే సిగ్గేసింది.

నరసింహప్ప గడప మీద కూర్చుని గిన్నెను చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "మా తాత ఇట్లాంటోడని గవర్నమెంటు కాగితంలో రాస్తావా అమ్మా? నా మనవలు చదువుతారు."

ఆయన ఒప్పుకోకపోతే నేను రాయగలిగేది తకరారు ఉందన్న ఒక్క మాటే. అది కోర్టుకు పోతే రత్నమ్మ వయసుకు తీర్పు అందదు. ఓబుళమ్మ మొగుడి పక్కన కూర్చుంది.

"నలభై ఏండ్లు ఎవురికని తెలియకనే పెడితిని. ఒగ దినమన్నా నువ్వు వొద్దనలేదు. కొట్టేదాకా నువ్వు గూడా తినలేదు. ఇప్పుడు ఎవురో తెలిసినాంక వొద్దంటావా?"

ఆయన తల ఎత్తలేదు. రత్నమ్మ బయట మట్టిలోనే కూర్చుని ఉంది. ఆమె కళ్లు ఆ గిన్నె మీదే ఉన్నాయి. తెరుచుకున్న గుమ్మంలోంచి ధాన్యం గది నేల మీద ఎన్నో ఏళ్లకు ఎండ పడింది. ఓబుళమ్మ ఏటా ఆకు వేసే చోటు గడపకు సరిగ్గా లోపలి పక్క ఉంది.

నరసింహప్ప గిన్నెను గడప మీద పెట్టాడు. "అక్కా" అన్నాడు.

రత్నమ్మ తనను కాదనుకుని పలకలేదు. ఇంకెవరినో పిలుస్తున్నాడా అన్నట్టు చుట్టూ చూసింది.

"అక్కా, మీ నాయనకు తినేదానికి ఏమి ఇష్టంగా ఉన్నింది?"

పెద్దల పండగకు ఆకు వేసేవాళ్లు మాత్రమే అడిగే ప్రశ్న అది. ఆమెకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అప్పటిదాకా ఏడవని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉడకేసిన చెనక్కాయలు. ఉప్పు రొంత ఎక్కువేసి" అంది.

అదే రోజు పంచాయతీ అరుగు మీద, ఆ ఇంటి పడసాలకు దూరంగా, మళ్లీ మహజరు రాశాను. అదే ఐదుగురు సాక్షులు. పాత కాగితం అడ్డంగా కొట్టేసి నా సంతకం పెట్టాను. భూమిలో పాలు అడగనని రత్నమ్మ చెప్పింది. తొందరపడొద్దు, అది వేరే సంగతి అని రెండుసార్లు చదివి వినిపించాను. రెండుసార్లూ అదే చెప్పింది. తరువాత హనుమంతప్ప పేరు కింద తిమ్మప్పకు పక్కన ఇంకో గీత గీసి, దాని చివర 'గంగప్ప, కొడుకు, మరణించారు' అని రాశాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఏది మా నాయన పేరని అడిగింది. చూపించాను. వేలితో ఆ పేరును తాకి, గీత వెంబడి పైకి పోయి హనుమంతప్ప దగ్గర ఆపి, మళ్లీ కిందికి వచ్చింది. అలా చాలాసార్లు చేసింది. సిరా ఆరలేదని చెప్పాలనిపించలేదు. ఆ కాగితం మీద ఇప్పటికీ గీత కొంచెం అలుక్కుపోయి ఉంటుంది.

మరుసటి ఏడు పెద్దల పండగకు నన్ను పిలిచారు. ఇంటి వెనక చేను నిండా అప్పటికి సోలార్ పలకలు పరుచుకున్నాయి. ధాన్యం గదికి కొత్త తలుపు పెట్టారు. రత్నమ్మ ఆ తలుపులోంచే లోపలికి వచ్చింది. నడింట్లో ఏడు ఆకులు ఒకే వరసలో వేశారు. ఆరోది గంగప్పది, ఉడకేసిన చెనక్కాయలతో. ఏడోది నాగక్కది, పక్కన తోమి మెరిపించిన రెండో గిన్నెతో. ఓబుళమ్మ అందరినీ పేరు పెట్టి పిలిచింది. మేమూ ఆకుల ముందు కూర్చున్నాం.

ఎవరూ ముద్ద కలపలేదు. పుట్టినప్పటి నుంచీ అలవాటు, నరసింహప్ప చేతులు ముడుచుకుని వెనక గది వైపు చెవి పెట్టాడు. నేనూ పెట్టాను. రత్నమ్మ చేతులు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. రెండూ పది దాటింది. రెండున్నర అయింది. పలకల మీది ఎండ తలుపులోంచి ధాన్యం గదిలో పడి కదలకుండా ఉంది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మాతో పాటు ఇంకెవరో కూడా చేతులు ముడుచుకుని ఎదురుచూస్తున్నారని నాకు గట్టిగా అనిపించింది. తిరిగి చూడాలంటే భయమేసింది.

చివరికి ఓబుళమ్మే అంది. "తినండి. ఇంక ఎవురు కొడతారు? అందరూ లోపలికొచ్చినారు గదా."

తరువాత నాకు బదిలీ అయింది. ఇప్పుడు వేరే ఊళ్లలో చెట్లు గీస్తున్నాను. విచారణకు ఎవరింటి చాప మీదా కూర్చోను, ఎవరి కాఫీ తాగను. అందుకు పొగరుబోతునని పేరొచ్చింది. 'వేరే వారసులు ఎవరూ లేరు' అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం పక్కన పెట్టేసి కాసేపు కూర్చుంటాను. ఏం మేడమ్, ఏమైంది అని సాక్షులు అడుగుతారు. ఏమీ లేదు, రొంత ఉండండి అంటాను. ఏ చప్పుడూ వినపడలేదని రూఢి చేసుకున్నాకే ఆ వాక్యం రాస్తాను.